రాతి సందులలో మా ప్రదక్షిణము

నిరుడు సెప్టెంబరు నెలలో నేను అమెరికా దేశమునకు మా యమ్మాయి యింటికి పోయితిని. ఆమె యూటా రాష్ట్రములో సాల్ట్ లేక్ నగరమున ఉద్యోగము చేయుచున్నది. పోయిన మూడవనాడు వంటగదిలో ఫ్రిజ్ తలుపునకు అంటించియున్న యొక చీటి నా కంటబడెను. అందులో ఒక త్రోవ పేరు, కారు నెంబరు, బయలుదేరు వేళ, తిరిగివచ్చు వేళ వ్రాసియున్నవి. అడుగున, “రాత్రి 8 గంటలకు నా యొద్దనుండి సమాచారము రానిచో షెరీఫు కార్యాలయమునకు ఫోను చేయుము” అని యుండెను. స్నేహితురాలికిచ్చిన చీటికి అది నకలట. ఎడారి నడకకు పోవునపుడెల్లను అట్టి చీటి యొకటి వ్రాసియిచ్చుట తన అలవాటట.

నేనా కాగితము చేతబట్టుకొని చాలసేపు నిలుచుంటిని. సోదరీమణులారా, మీలో తల్లులైనవారికి నా మనసులో నేమి మెదలినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. మా యమ్మాయి మూడేండ్ల క్రిందట భర్తనుండి విడిపోయినది. ఆ సంగతి ఇచ్చట ముచ్చటింపను, అది ఆమెది. కాని నాటినుండియు ఆమె సెలవు దినములలో ఒంటరిగ కొండలకును ఎడారులకును పోవుచున్నదని వినుచు, ప్రాణముమీద తీపి లేక పోవుచున్నదేమో యని తెనాలిలో కూర్చుండి ఎన్ని రాత్రులో కుమిలితిని. అడుగుటకు నోరు రాలేదు. చీటి చూచిననాడు మాత్రము, “ఈ మాఱు పోవునపుడు నన్నును తీసికొనిపొమ్ము” అంటిని. ఆమె నా మోకాళ్ళవంక నొకమాఱు చూచినది. ఏమియు ననలేదు. మఱునాటి సాయంకాలమునుండి నన్ను వెంటబెట్టుకొని మెట్టత్రోవలలో నడిపింప మొదలుపెట్టినది.

అక్టోబరు మొదటి వారమున బయలుదేరితిమి. అయిదు గంటలకు పైగా దక్షిణముగ ప్రయాణముచేసి ఎస్కలాంటే అను చిన్న యూరు చేరితిమి. ఆ చుట్టుపట్ల నున్న విశాలమైన రాతి ప్రదేశమును 1996లో ‘గ్రాండ్ స్టెయిర్‌కేస్ ఎస్కలాంటే’ అను పేర జాతీయ స్మారక భూమిగ ప్రకటించినారు. మేము పోదలచిన చోట రెండు ఇఱుకు వాగులు పక్కపక్కనే యున్నవి. ఒకదాని పేరు పీక్-అ-బూ. అనగా మన దోబూచి. రెండవదాని పేరు స్పూకీ. దయ్యము తిరుగు చోటివలె వెఱపు గొలుపునదని యర్థము. మొదటిదానిలో ఎక్కి, పైని ఇసుక నేలమీద కొంత నడిచి, రెండవదానిలో దిగి, బయలుదేరిన చోటికే చేరవలెను. “అనగా ప్రదక్షిణమన్నమాట” అంటిని. మా యమ్మాయి నవ్వి ఒప్పుకొన్నది.

ఈ సందు లెట్లు పుట్టినవో చెప్పెదను. ఆ ప్రాంతపు రాయిని నవాహో ఇసుకరాయి యందురు. సుమారు 18 కోట్ల సంవత్సరముల క్రిందట అది గాలికి కదలాడు ఇసుక తిన్నెల సముద్రము. ఆ తిన్నెలు పూడి, గట్టిపడి రాయైనవి. నాడు గాలి వీచిన జాడలు నేటికిని గోడలమీద ఏటవాలు చారలుగ కనబడును. అట్టి రాతిలో సన్నని నెఱ్ఱె యొకటి యున్న చాలును. ఎప్పుడో పడిన వాన ఆ నున్నని రాతిపై ఇంకక, ఇసుకను గులకరాళ్ళను మోసికొని ఆ నెఱ్ఱెలో దూరును. నీటిలోని ఇసుక ఆకురాయివలె రాతిని అరగదీయును. వెడల్పు పెరుగక లోతు మాత్రమే పెరుగుచు, లక్షల వానలకు అది మనిషి దూరు సందగును.

దీనిలోని యపాయము నాకు మా యమ్మమ్మగారి యిల్లు తలచుకొన్నప్పుడు బాగుగ తెలిసినది. అది మండువా లోగిలి. నాలుగు వైపుల పెంకుల చూరులనుండి జాఱిన వాననీరంతయు నడుమ పల్లములో పడి, ఒకే తూముగుండ వీధిలోనికి పోవుచుండెడిది. మబ్బు కమ్మగానే అమ్మమ్మ, “తూముకడ పిల్ల లెవ్వరును లేరుగదా!” యని కేకవేయుచుండెడిది. ఈ ఎడారిలో మైళ్ళకొలది రాతినేల ఇంటికప్పు. తూము వెడల్పు కొన్నిచోట్ల 10 అంగుళములు. ఆ తూములో నడచువానికి పైని కనబడునది దారమువంటి ఆకాశము. ఎగువను ఎక్కడ మబ్బు విరిగినదో వానికి తెలియనే తెలియదు. 1997 ఆగస్టు 12న అరిజోనా రాష్ట్రములోని యాంటిలోప్ కాన్యన్ అను సందులో వరదవచ్చి 11 మంది యాత్రికులు మరణించినారు. ఆ పెద్దవాన వారున్న చోట కాదు, ఎగువను మైళ్ళ దూరమున కురిసినది. 2015 సెప్టెంబరు 14న యూటాలోనే జయాన్ జాతీయోద్యానములో కీహోల్ అను సందున దిగిన ఏడుగురును అట్లే పోయినారు. ఈ కథలన్నియు మా యమ్మాయియే నాకు చెప్పినది, ఉప్పుమా తినుచు, మార్కెట్టు ధరలు చెప్పినట్లు. నా కెట్లుండునో మీరే ఊహించుకొనుడు.

తెల్లవాఱగనే కారులో బయలుదేరితిమి. ‘హోల్ ఇన్ ద రాక్’ అను మట్టిరోడ్డుమీద 26 మైళ్ళు పోవలెను. ఆ రోడ్డు ఆసాంతము అలలు దేఱి యుండును. గంటసేపు నా పండ్లు టకటక కొట్టుకొన్నవి. ఆ బాటకు ఒక చరిత్ర కలదు. 1879 చివర మోర్మను మతస్థులు సుమారు 250 మంది స్త్రీబాలవృద్ధులతో, 80కి పైగా గుఱ్ఱపు బండ్లతో, కొత్త యూరు కట్టుటకై ఈ త్రోవను బయలుదేరిరి. ఆఱు వారములలో చేరుదుమనుకొన్నది ఆఱు నెలలకు చేరిరి. ఎదురుగ కొలరాడో నది లోయ. దిగుటకు కొండ యంచున నున్నది ఒక చీలిక మాత్రమే. దానిని మందుగుండుతో వెడల్పుచేసి, 1880 జనవరి 26న మొదలుపెట్టి బండ్లను త్రాళ్ళతో పట్టి దించిరి. స్టాన్‌ఫర్డు స్మిత్తు అనునాయన దినమంతయు ఇతరుల బండ్లకు సాయపడినాడట. తీరచూచునప్పటికి ఆయన బండి యొకటే పైని మిగిలినది. దానిని పట్టువారు లేరు. భార్య అరబెల్లా పిల్లలను ముగ్గురను కొండమీద కూర్చుండబెట్టి, నాన్న వచ్చి తీసికొనిపోవువఱకు కదలకుడని చెప్పి, తాను బండివెనుక కట్టిన గుఱ్ఱపు పగ్గములు పట్టుకొని దిగినది. గుఱ్ఱము పడెను, ఆమె రాళ్ళమీద ఈడ్వబడెను, కాలు పొడవున చీలెను. అయినను బండి నేల చేరినది. పిమ్మట తండ్రి పైకి పోయి పిల్లలను దించుకొని వచ్చినాడు. ఈ కథ విని నేను ఆ గాయము మాట తలపలేదు. పైని కూర్చున్న ఆ పిల్లలు ఏ ప్రక్కకు దొర్లిరో యని తలచుచు దిగువకు దిగిన ఆ తల్లినే తలచుకొంటిని.

కారు నిలిపినచోట నీడ లేదు, నీరు లేదు, ఫోను పలుకదు. మనిషికి నాలుగు లీటర్ల నీరు మూటకట్టుకొంటిమి. నా పులిహోర పొట్లమును సంచిలో చేఱినది. ఇంకొక సంచి సంగతియు చెప్పవలెను, చెప్పక తప్పదు. ఆ నేలమీద కాలకృత్యముల కసటునుకూడ విడిచిరాక, దానికై చేసిన సంచిలో కట్టుకొని వెనుకకు తేవలెనని అమ్మాయి చెప్పినది. మొదట ముక్కు మూసికొంటిని. కాని మన పుణ్యక్షేత్రముల కొండదారులు కన్నులకు కట్టగా నోరు మూసికొంటిని.

రాతి వాలుమీద దిగుటకు దారి గుర్తుగ అక్కడక్కడ రాళ్ళు పేర్చియున్నవి. మన కొండలమీద ఇల్లు కట్టుకొనవలెనని మ్రొక్కుకొని రాయిమీద రాయి పెట్టుదుము గదా! నా చేయియు నూరకుండక ఒకచోట మూడు రాళ్ళు పేర్చినది. అమ్మాయి వెనుకకు వచ్చి వానిని తీసి పాఱవేసినది. “అమ్మా, నీ మ్రొక్కు చూచి ఎవరైన త్రోవ తప్పుదురు” అన్నది.

దోబూచి వాగు నోరు నేలకు రెండు నిలువుల యెత్తున నున్నది. రాతిలో కాలు పెట్టుటకు గుంటలు కలవు గాని నా కవి అందలేదు. అమ్మాయి క్రింద నిలిచి తన అఱచేయి చాచి, “ఇందులో కాలు మోపుము” అన్నది. బిడ్డ చేతిలో కాలు పెట్టుటకు మనసొప్పక కొంత తడవాడితిని. వెనుక ఎవరో వచ్చి నిలిచినందున సిగ్గుపడి మోపితిని. లోపలికి చేరినపిమ్మట నాకు మాటాడ తోచలేదు. వెన్నముద్దను గరిటెతో తీసినచోట ఎట్లుండునో గోడలట్లున్నవి. ఒక మలుపున రాయి తొలుచుకొని పోయి, నెత్తిమీద రెండు వంతెనలు జంటగ నిలిచియున్నవి. ఎండ సూటిగ దిగదు. ఒక గోడనుండి వేఱొక గోడకు తగులుచు దిగును. ఆ వెలుగు పైని లేత పసుపుగను, నడుమ కుంకుమగను, అడుగున వంకాయ రంగుగను ఉండెను. నాలుగడుగులు ముందుపోయిన అమ్మాయి మలుపు తిరిగి కనబడక, మఱల తల వంచి చూచుచుండెడిది. ఏడాది పిల్లగ నున్నపుడు మా వసారా స్తంభము చాటునుండి అట్లే చూచెడిది.

పైకి చేరితిమి. ఇక స్పూకీ వాగు తలకు పావుగంట నడక. అప్పటికి నా భయము పోయి, ప్రదక్షిణము పూర్తిచేయవలెనను పట్టుదల వచ్చినది. అమ్మాయి మాత్రము నిలిచి ఒక దిక్కున చూచుచున్నది. చాల దూరమున, మా రెండు వాగులు పుట్టు వైపున, ఒక మబ్బు తుంట కలదు. అడుగు భాగము కొంచెము నల్లబడియున్నది. వాన పడుచున్నట్లు లేదు. ఉదయము వాతావరణ శాఖవారి సూచన చూచుకొనియే వచ్చితిమి. అందులో వాన ప్రసక్తి లేదు. మా వెనుక వచ్చినవారు నవ్వుచు మమ్ము దాటి స్పూకీవైపు పోయినారు. అమ్మాయి పదినిమిషములు చూచినది. మబ్బు కొంత పెరిగినది.

“అమ్మా, వెనుకకు పోదము.”

“అంతదూరమున నున్నదే! వారందఱును పోవుచున్నారే!” అంటిని.

“వారు పోనిమ్ము.”

“సగము ప్రదక్షిణము విడువరాదమ్మా.”

ఆమె నావైపు తిరిగినది. కోపము లేదు. “రాత్రి 8 గంటలకు నేను సమాచారము పంపవలెనమ్మా. పంపుటకు నేనుండవలెను” అన్నది.

నేను మాఱు మాటాడలేదు. మూడేండ్లు నేను తెనాలిలో నడుగలేని ప్రశ్నకు ఆమె ఎఱుగకయే జవాబు చెప్పినది. కన్నుల నీరు తిరిగినది. ఎండ యని చెఱగు వెదకితిని. కాని నే నానాడు చీర కట్టలేదు, పంజాబీ దుస్తు తొడిగితిని. చేతి వెనుకతో తుడుచుకొంటిని.

సందులో దిగక పైపైని ఇసుక దిబ్బలమీదుగ దిగి, నడుమనున్న పెద్ద వాగును త్వరగ దాటి, ఎత్తైన రాతిమీద కూర్చుండి పులిహోర తింటిమి. మబ్బు గంటసేపు నిలిచి చెదరిపోయినది. ఒక చినుకైనను పడలేదు. స్పూకీలో దిగినవారు క్షేమముగ, ఉత్సాహముగ మాయెదుటనే తిరిగివచ్చిరి. వారిలో నొకాయన మేమెందుకు రాలేదని యడిగెను. మా యమ్మాయి మబ్బు సంగతి చెప్పినది. ఆయన ఆకాశము చూచి, ఏమియు లేదే యన్నట్లు భుజము లెగురవేసెను. నాకు మాత్రము ఒళ్ళు మండినది. అమ్మాయి, “రాకపోవుట మంచిదే గదమ్మా” అని ఇంకొక ముద్ద పెట్టుకొన్నది. మంచి నిర్ణయము కొన్నిమాఱులు పిఱికితనమువలె కనబడును గాబోలు. ఇంటి యిల్లాండ్రకు ఇది కొత్త సంగతి కాదు.

ఆ రాత్రి ఊరిలో బసచేసితిమి. మఱునాడు ఆకాశము కడిగిన పళ్ళెమువలె నుండెను. మఱల పోదమని నేనే అంటిని. మిగిలిన సగము కాదు, మొదటినుండియు. విడిచిన ప్రదక్షిణము నడుమనుండి అందుకొనరాదు. అమ్మాయి నిట్టూర్చినది గాని కారు త్రిప్పినది. పండ్లు మఱల టకటక మొదలైనవి.

స్పూకీ నిజముగ పేరుకు తగినదే. తలనుండి దిగగనే కొంతదూరమునకు పెద్ద బండలు పడి దారి మూసియున్నవి. వానినడుమ నున్న బొక్కలో జాఱి దిగవలెను. అమ్మాయి ముందు దిగి కనుమఱుగైనది. నేను బండమీద కూర్చుండి క్రింది చీకటిలోనికి కాళ్ళు వ్రేలాడదీసి, ఆ అరబెల్లా కుదురుగ కూర్చుండబెట్టిన పిల్లవలె కదలక కూర్చుంటిని. కొంతసేపటికి చీకటిలోనుండి ఒక చేయి వచ్చి నా కుడిపాదము పట్టుకొని ఒక రాతి యంచుమీద నుంచినది, పిదప ఎడమపాదము. ఈ మాఱు మనసొప్పకుండుట లేదు. మెల్లగ జాఱితిని.

అక్కడినుండి సందు మఱింత ఇఱుకైనది. అరుణాచల ప్రదక్షిణములో ఇడుక్కు పిళ్ళైయారు గుడి చూచినవారున్నారు గదా. పక్కకొరిగి రాతి నడుమనుండి బయటపడుదుము. అది నాలుగు క్షణముల పని. ఇచ్చట చాలసేపు అట్లే పక్కకు తిరిగి నడువవలెను. సంచి భుజమున నుంచుకొన వీలులేదు. చేత పట్టుకొని ఈడ్చుకొనిపోవలెను. గోడలు నున్నగ లేవు. పోకకాయలంతలేసి రాతి బొడిపెలు నిండియున్నవి. నా దుస్తు రెండుచోట్ల చిరిగినది. ఒకచోట రొమ్మున ఎదుటి రాయి, వీపున వెనుక రాయి తగిలి ముందుకును వెనుకకును రాలేక నిలిచిపోతిని. గుండె చెవులలో కొట్టుకొన్నది. నోట నామమైనను రాలేదు. నిజము చెప్పవలెను గదా.

“అమ్మా, ఊపిరి పీల్చవద్దు. విడువుము. మొత్తము విడువుము” అని చీకటినుండి పలికినది.

భయమైనప్పుడు మనిషి గట్టిగ ఊపిరి పీల్చి పట్టుకొనును. అప్పుడు ఒళ్ళు ఉబ్బి రాయి మఱింత పట్టును. నేను విడిచితిని. అడుగు కదలినది. మఱల విడిచితిని. ఇంకొక అడుగు. ఇట్లు ఎన్ని అడుగులు నడిచితినో తెలియదు. పిమ్మట ఒక్కసారిగ వెలుతురు, ఇసుక, విశాలమైన వాగు. అమ్మాయి నా జుట్టులోని ఇసుక దులిపినది. కారుకడకు ఎక్కునప్పటికి మోకాళ్ళు రెండును ప్రాణములు తీసినవి. నాలుగు దినములు మెట్లు దిగునపుడు గోడ పట్టుకొని దిగితిని.

బిడ్డ ఒంటరిగ పోవుట నాకు నేటికిని ఇష్టము లేదు. ఆ మాట ఆమెతో చెప్పితిని. ఆమె విన్నది; పోవుట మానలేదు. కాని నేను తిరిగి వచ్చిననాటినుండి ఆ చీటి నకలు ఫ్రిజ్‌కు అంటుకొనుట లేదు, నా ఫోనుకు వచ్చుచున్నది. స్నేహితురాలికి పంపునదే నాకును పంపుచున్నది. త్రోవ పేరు, కారు నెంబరు, ఆ జిల్లా షెరీఫు కార్యాలయపు ఫోను. వారి రాత్రి 8 గంటలనగా మనకు మఱునాటి ఉదయము 7 గంటల 30 నిమిషములు. నవంబరులో వారు గడియారములు ఒక గంట వెనుకకు త్రిప్పుకొందురు; అప్పుడు 8.30. మొదటిమాఱు ఈ సంగతి మఱచి నేను గంటసేపు కాఫీ ముట్టక వీధిగుమ్మమున కూర్చుంటిని. ఇప్పుడు వంటింటి గోడమీద రెండు వేళలును వ్రాసిపెట్టుకొంటిని. నిన్న 7 గంటల 10 నిమిషములకే వచ్చినది.